నిశ్శబ్దంగా ఉందా? ముందు ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి

ఈసారి ఉత్తరాల కట్ట విప్పితే సగానికి పైగా ఒకటే గోల: కంప్యూటర్ చప్పుడు. అందుకే ప్రింటర్లతో కుస్తీ పడుతున్నవాళ్లూ, పాస్‌వర్డులు మరిచిపోయినవాళ్లూ ఈ నెలకి నన్ను మన్నించాలి.

జవాబుల్లోకి వెళ్లేముందు ఒక మాట. నేను 26 ఏళ్లు రిపేరు బల్ల ముందు కూర్చున్నవాణ్ణి. డాక్టరుకి నాడి ఎలాగో నాకు ఫ్యాన్ చప్పుడు అలాగ. గరగరమంటే బేరింగ్‌లో నూనె ఎండిందని అర్థం. టకటకమంటే రెక్కకి ఏ వైరో తగులుతోంది. ఆగకుండా బుస కొడుతుంటే దుమ్ము పట్టి లోపల గాలి ఆడటం లేదు. స్విచ్ వేసినా అసలు చప్పుడే లేకపోతే మాత్రం నాకు గుండె జారేది. ఆ అలవాటుతోనే చెబుతున్నాను కాబట్టి, నిశ్శబ్దం మీద నాకు కాస్త అనుమానం ఎక్కువని గుర్తుపెట్టుకుని చదవండి.

ప్రశ్న: ఇంట్లో అందరూ పడుకున్నాక అనువాదాలు చేసుకుంటాను. బ్రౌజర్‌లో పది పేజీలు తెరిచేసరికి నా ల్యాప్‌టాప్ విమానం లేచినట్టు మోత మొదలుపెడుతుంది. రెక్కలు లేని, చప్పుడు చేయని ఫ్యాన్ చిప్ ఒకటి వచ్చిందని చదివాను. నిజమేనా, గాలి కబురా? నిజమైతే నా ల్యాప్‌టాప్‌కి వేయించుకోవచ్చా?

జవాబు: గాలి కబురేనమ్మా, కాకపోతే నిజం గాలి. వేయించుకోవడం మాత్రం కుదరదు. ఎందుకో చెప్పాలంటే మీ విమానం దగ్గర మొదలుపెట్టాలి.

కంప్యూటర్ తాగిన కరెంటంతా, తెర వెలుతురూ స్పీకర్ మోతా పక్కన పెడితే, అక్కడికక్కడే వేడిగా మారుతుంది. ప్రాసెసర్ 15 వాట్లు తీసుకుంటే ఆ 15 వాట్ల వేడీ బొటనవేలి గోరంత చోటులోంచి బయటపడాలి. ప్రాసెసర్‌కి ఆనించిన రాగి దాన్ని చకచకా అంచుదాకా మోసుకొస్తుంది. అసలు చిక్కు అంచు దగ్గర. వేడిని మోయడంలో రాగికి 400 మార్కులు వేస్తే కదలని గాలికి 0.026 వేయాలి. సుమారు 15 వేల రెట్లు తక్కువ. దుప్పటి వెచ్చగా ఉండేది కూడా దాని పోగుల్లో ఇరుక్కుపోయిన గాలి వల్లే. అందుకని ల్యాప్‌టాప్‌లో గాలిని నిలవనీయకూడదు, తరుముతూనే ఉండాలి.

ఆ తరిమే పని ఫ్యాన్‌ది. సన్నటి ల్యాప్‌టాప్‌లో దానికి దక్కే ఎత్తు కొన్ని మిల్లీమీటర్లే. చిన్న రెక్క ఎక్కువ గాలి తోయాలంటే పిచ్చి వేగంతో తిరగాలి. వేగం రెట్టింపైతే గాలి రెట్టింపే వస్తుంది. కరెంటు మాత్రం ఎనిమిదింతలు లాగుతుంది, మోత సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుంది. 10 డెసిబెల్స్ పెరిగితేనే మన చెవికి రెండింతల మోతగా వినిపిస్తుంది. పది పేజీలకే విమానం లేస్తోందంటే మరి లేవదూ!

ఇప్పుడు అరచెయ్యి ముఖం ముందు పెట్టుకోండి. నోరు బాగా తెరిచి ‘హా’ అనండి. వెచ్చగా ఉంటుంది. పెదాలు సున్నాలా చుట్టి ‘ఫూ’ అని ఊదండి. చల్లగా తగులుతుంది. రెండూ మీ ఊపిరే. ఏ వేడి వస్తువునైనా అంటిపెట్టుకుని పల్చటి గాలి పొర ఒకటి కదలకుండా ఉంటుంది. మెల్లటి గాలి ఆ పొర మీదుగా జారిపోతుంది. సన్నటి వేగమైన ధార అయితే చుట్టూ ఉన్న చల్లగాలిని కూడా లాక్కొచ్చి ఆ పొరని చెదరగొడుతుంది. కొత్తరకం చిప్పులు చేసేదంతా ఈ ‘ఫూ’ మాత్రమే. కాకపోతే సెకనుకి వేల సార్లు.

మీరు చదివింది బహుశా ఎయిర్‌జెట్ గురించి. ఫ్రోర్ సిస్టమ్స్ అనే సంస్థ 2022 డిసెంబరులో బయటపెట్టింది. స్థాపించినవాళ్లు శేషు మాధవపెద్ది, సూర్య గంటి. (పేర్లు చూసి ఒక నిమిషం మురిసిపోయి మళ్లీ పనిలో పడ్డాను.) అగ్గిపెట్టె కన్నా చిన్న పలక, మందం 2.8 మిల్లీమీటర్లు. లోపల సన్నటి పొరలు అల్ట్రాసోనిక్ వేగంతో, అంటే మన చెవికి అందనంత వేగంతో కంపిస్తాయి. పైనుంచి గాలి పీల్చుకుని, కింద ఉన్న రాగి పలక మీదికి సన్నటి ధారలుగా చిమ్ముతాయి. వేడెక్కిన గాలి పక్కనుంచి బయటికి పోతుంది. చప్పుడు 21 డెసిబెల్స్ అని సంస్థ చెబుతోంది. ఆకు కదిలితే వినిపించేది ఇంచుమించు అంతే. చప్పుడు అసలు లేదని కాదు, ఎక్కువ భాగం మనకి వినపడని చోటికి పోయిందన్నమాట. ఆ కొలతే మనిషి చెవి లెక్కన వేసింది. మీ ఇంట్లో పిల్లి ఉంటే దాని అభిప్రాయం అందులో కలవలేదు.

ఊపిరితో చల్లార్చడం అనే ఆలోచన ఇప్పటిది కాదు. అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయంలో అరి గ్లెజర్ బృందం ఇలాంటి ధారల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. 2012లో జీఈ (జనరల్ ఎలక్ట్రిక్) సంస్థ రెండు బిళ్లల్ని కొలిమితిత్తిలా ఆడించే పరికరం చూపించింది. కరెంటు ఇస్తే వంగే పిజో పింగాణీని ఆ బిళ్లలకి అతికించారు. మందం 4 మిల్లీమీటర్లు. అప్పట్లో దాని గురించి చదివి, ఇక ఫ్యాన్లు బాగుచేసే నా పని అయిపోయిందనుకున్నాను. తర్వాత కూడా నేను బేరింగులకి నూనె వేస్తూనే ఉన్నాను, అది వేరే సంగతి.

ఇక అంకెల అసలు రంగు చూద్దాం. ఒక ఎయిర్‌జెట్ మినీ (పైన చెప్పిన చిన్న పలక ఇదే) లాగేసే వేడి 5.25 వాట్లు. అది తినేది ఒక వాట్ దాకా. ఆ తిన్న వాట్ కూడా చివరికి వేడే కదా, దాన్నీ బయటికి పంపాల్సింది అదే. మీ ప్రాసెసర్‌ది 15 వాట్లయితే ఇలాంటివి మూడో నాలుగో పక్కపక్కన పరచాలి. జోటాక్ సంస్థ 2023లో అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్‌లో రెండు పెట్టింది. అందులోని ప్రాసెసర్ ఏడు వాట్లది. లెక్క సరిపోయింది కాబట్టి పెట్టారు. 2024లో ఎక్స్‌మెమ్స్ అనే సంస్థ ఇంకా చిన్నది ప్రకటించింది. చిటికెన వేలి గోరంత, మందం మిల్లీమీటరుకి పిసరు ఎక్కువ. వాళ్ల పాత వ్యాపారం ఇయర్‌ఫోన్లలో పెట్టే సిలికాన్ స్పీకర్లు. చిన్న పొరని కదిలించి గాలిలో చప్పుడు పుట్టించేవాళ్లే చప్పుడు లేకుండా గాలి పుట్టించడానికి దిగారు. ఈ రంగంలో నాకు బాగా నచ్చిన సంగతి ఇదే.

ఈ చిప్పుల్లో నేను అసలైన గొప్ప అనుకునేది నిశ్శబ్దం కాదు, ఒత్తిడి. ఎయిర్‌జెట్ 1750 పాస్కల్స్ ఒత్తిడితో గాలిని నెడుతుంది. మామూలు ల్యాప్‌టాప్ ఫ్యాన్‌కి పది రెట్లని వాళ్ల మాట. ఒత్తిడి ఉంటే గాలి ఇరుకు సందుల్లోంచి, దుమ్మాపే జల్లెడలోంచి కూడా దూరుతుంది. రెక్కల ఫ్యాన్ ముందు అంత దట్టమైన జల్లెడ పెడితే ఊపిరాడక చతికిలబడుతుంది. నా బల్ల మీదికి వచ్చిన ల్యాప్‌టాప్‌లలో వేడి జబ్బుకి మొదటి కారణం ఎప్పుడూ దుమ్మే.

మీ పాత ల్యాప్‌టాప్‌లో దీన్ని ఎందుకు అమర్చలేమంటే, గాలి వచ్చే దారి, పోయే దారి, వేడిని పంచే పలక అన్నీ దాని కోసమే గీయాలి. మీరు చేయగలిగింది వేరే ఉంది. దుమ్ము దులిపించండి, ప్రాసెసర్‌కీ రాగికీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయుంటే మార్పించండి, పవర్ సెట్టింగులో ఒక మెట్టు తగ్గించండి. అనువాదానికి ప్రాసెసర్ పూర్తి వేగం అక్కర్లేదు. ఇదంతా చేశాక కూడా విమానం లేస్తే మళ్లీ రాయండి.

ప్రశ్న: పాఠాలు రికార్డు చేస్తుంటాను. హోరు మైకులో పడుతోందని డెస్క్‌టాప్‌లో ప్రాసెసర్ ఫ్యాన్ వైరు పీకేశాను. రెండు రోజులు హాయిగా ఉంది. ఇప్పుడు వీడియో కత్తిరించబోతే నత్తనడక. వైరస్సా?

జవాబు: వైరస్ కాదు మాస్టారూ, ఉక్కపోత. ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు వెళ్లి వైరు తగిలించి రండి.

ఇప్పటి ప్రాసెసర్లు తెలివైనవి. లోపలి వేడి హద్దు దాటబోతే, చాలా వాటికి అది 100 డిగ్రీల చుట్టుపక్కల, తమ వేగం తామే తగ్గించుకుంటాయి. చచ్చిపోకుండా మూలుగుతూ బతుకుతాయి. మీకు కనిపించిన నత్తనడక అదే. మీరొక్కరే కాదు. ఒకాయన ‘ఎంత మంచి కంప్యూటరో, చప్పుడే చేయదు, ఆగిపోతూ ఉంటుంది గానీ’ అని తెచ్చాడు. మూత తీస్తే ఫ్యాన్ రెక్కల మధ్య పెన్సిల్ ముక్క. పడిందా, పెట్టారా అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

మీకు కొత్త టెక్నాలజీ ఏదీ అవసరం లేదు. డెస్క్‌టాప్‌లో చోటుంది, అదే మీ అదృష్టం. చిన్న ఫ్యాన్ తీసేసి 120 లేదా 140 మిల్లీమీటర్ల పెద్ద ఫ్యాన్, పెద్ద హీట్‌సింక్ (వేడిని గాలికి పంచే లోహపు రేకుల దిమ్మ) పెట్టించి వేగం సగానికి దించండి. పైన చెప్పిన లెక్కే తిరగేసి చూడండి: సగం వేగానికి మోత 15 డెసిబెల్స్ తగ్గుతుంది, పెద్ద రెక్క కాబట్టి గాలి సరిపోతుంది. పెట్టెని బల్ల మీంచి కిందికి దించి మైకుకి దూరంగా జరపండి. నిశ్శబ్దం కొనడానికి ఇంతకన్నా తేలిక దారి నేను చూడలేదు.

ప్రశ్న: పాడైన ల్యాప్‌టాప్ విప్పాను (నాన్న ఒప్పుకున్నాకే). లోపల చదునుగా నొక్కిన రాగి గొట్టం ఉంది. నీళ్లు పోస్తాయేమోనని రంపంతో కోశాను. లోపల ఏమీ లేదు, గోడలకి రాగి రజను తప్ప. ఖాళీ గొట్టం ఎందుకు పెట్టారు? – తొమ్మిదో తరగతి పాఠకుడు

జవాబు: బాబూ, ఈ నెల ఉత్తరాల్లో మొదటి బహుమతి నీదే. ఖాళీ కాదు. నువ్వు కోసిన క్షణంలో లోపలి అసలు సరుకు ఎగిరిపోయింది.

అందులో కొన్ని చుక్కల నీళ్లు ఉంటాయి, గాలి మాత్రం తీసేస్తారు. గాలి ఒత్తిడి లేకపోతే నీళ్లు 100 డిగ్రీలదాకా ఆగవు, చాలా తక్కువ వేడికే మరుగుతాయి. ప్రాసెసర్ వైపు నీళ్లు ఆవిరై, వేడిని మూటగట్టుకుని రెండో చివరికి పరిగెడతాయి. అక్కడ చల్లబడి మళ్లీ నీళ్లవుతాయి. నువ్వు చూసిన రాగి రజను ఆ నీళ్లని వత్తి నూనెని పీల్చినట్టు పీల్చి వెనక్కి తెస్తుంది. మోటారు లేదు, పంపు లేదు, చప్పుడు లేదు. అంతే మందం గట్టి రాగి కడ్డీ కన్నా వేడిని ఎన్నో రెట్లు బాగా మోస్తుంది.

దీన్ని హీట్ పైప్ అంటారు. జనరల్ మోటార్స్‌లో గాగ్లర్ అనే ఇంజనీరు 1940లలోనే ఇలాంటిదానికి పేటెంట్ తీసుకున్నాడు గానీ ఎవరూ పట్టించుకోలేదు. 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ దీన్ని మళ్లీ కనిపెట్టి ఆ పేరు పెట్టాడు. దీన్నే వెడల్పుగా పలకలా చేస్తే వేపర్ చాంబర్. ఇప్పుడు ఫోన్లలో కూడా పెడుతున్నారు. కొత్త నిశ్శబ్ద టెక్నాలజీ అని అందరూ ఎక్కడెక్కడో వెతుకుతుంటే, అరవై ఏళ్ల పాతది నీ రంపం కింద దొరికింది.

ఈసారి ఇంకోటి దొరికితే కోయకు. ఒక చివర వేడినీళ్ల గ్లాసులో ముంచి రెండో చివర వేళ్లతో పట్టుకో. ఎన్ని సెకన్లలో వదిలేశావో నాకు రాయి.

ప్రశ్న: ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. అయాన్ల గాలితో చిప్పుల్ని చల్లార్చవచ్చని 2007లో చదివిన గుర్తు. ఏమైంది ఆ పరిశోధన?

జవాబు: మీ జ్ఞాపకం గట్టిది సార్. అది పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో సురేష్ గరిమెళ్ల, తిమోతీ ఫిషర్‌ల పని, ఇంటెల్ కూడా తోడు నిలిచింది. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య వేల వోల్టులు పెడితే గాలిలో అయాన్లు, అంటే విద్యుదావేశం ఎక్కిన కణాలు, పుట్టి పరిగెడతాయి, దారిలో మామూలు అణువుల్ని భుజాలతో తోసుకుంటూ పోతాయి. కదిలే భాగం ఒక్కటీ లేకుండా గాలి వీస్తుంది. ఉపరితలానికి అంటుకున్న ఆ మొండి గాలి పొరని ఇది కదపగలిగింది. మామూలు ఫ్యాన్ గాలికి ఇది తోడైతే వేడి తీసే శక్తి 250 శాతం దాకా మెరుగుపడిందని వాళ్లు చూపించారు.

తర్వాత ఏమైందంటే, మీరు ఊహించగలిగిన ఇబ్బందులే ఎదురయ్యాయి. ఒళ్లో పెట్టుకునే యంత్రంలో వేల వోల్టులు. గాలిలో విద్యుత్తు చిందితే పుట్టే ఓజోన్, ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఎలక్ట్రోడ్ మీద దుమ్ము పేరుకుంటే గాలి మందగించడం. ప్రయోగశాల బల్లకి దుమ్ము పట్టదు, ఇంట్లో పట్టని బల్ల ఉండదు. అయినా ఎవరూ వదల్లేదు. ఇప్పుడు వెంటివా అనే సంస్థ ల్యాప్‌టాప్‌ల కోసమే ఈ దారిలో పనిచేస్తోంది. ఈలోగా 2018లో ఎంఐటీలో స్టీవెన్ బారెట్ బృందం ఇదే అయాన్ల గాలితో అయిదు మీటర్ల రెక్కల చిన్న విమానాన్ని వ్యాయామశాలలో దాదాపు 60 మీటర్లు ఎగరేసింది. పాఠం చెప్పే రోజుల్లో వచ్చి ఉంటే మీ పిల్లలకి భలే ఉదాహరణ అయ్యేది.

ప్రశ్న: ఫ్యాన్ లేని ల్యాప్‌టాప్ కొన్నాను. చప్పుడు సున్నా, సంతోషం. కానీ ఒళ్లో పెట్టుకుంటే తొడలు చురుక్కుమంటున్నాయి. పెద్ద ఫైలు పెడితే మొదట పరిగెత్తి తర్వాత నీరసపడుతోంది. పాడైన సరుకు అంటగట్టారా?

జవాబు: సరుకు బాగానే ఉంది, దాని తీరే అంత. ఫ్యాన్ లేనప్పుడు అడుగు భాగమే హీట్‌సింక్. వేడి మీ తొడల మీదుగా పోతోంది, అంటే ప్రస్తుతం మీ ల్యాప్‌టాప్‌కి ఫ్యాన్ మీరే. 2020లో ఆపిల్ ఒకే ఎం1 చిప్‌ని ఫ్యాన్ లేని మ్యాక్‌బుక్ ఎయిర్ ల్యాప్‌టాప్‌లోనూ, ఫ్యాన్ ఉన్న మ్యాక్‌బుక్ ప్రోలోనూ పెట్టింది. చిన్న పనుల్లో రెండూ సమ ఉజ్జీలు. పని సాగేకొద్దీ ఫ్యాన్ ఉన్నదే ముందుకి పోతుంది. చిప్ ఒకటే, వేడి పోయే దారి వేరు.

తొడల సంగతి తేలిగ్గా తీసుకోకండి. 44 డిగ్రీల వేడి కదలకుండా ఆరు గంటలు తగిలితే చర్మం కాలుతుందని 1947 నాటి ప్రయోగాల్లోనే తేల్చారు. అంతకన్నా తక్కువ వేడి రోజూ తగిలినా వల అల్లినట్టు ఎర్రటి మచ్చలు వస్తాయి. బల్ల మీద పెట్టుకోండి. పరుపు మీద, దిండు మీద వద్దు. అవి దుప్పటి పనే చేస్తాయి.

ప్రశ్న: ఫోన్ వెనక అతికించే కూలర్ కొన్నాను. మంచులా చల్లబడుతోంది. గేమ్ ఆడుతూ గంటల తరబడి వాడొచ్చా?

జవాబు: అందులో ఉండేది పెల్టియర్ బిళ్ల. ఆ పేరు 1834 నాటి ఫ్రెంచి శాస్త్రవేత్తది. కరెంటు పంపితే ఒక ముఖం చల్లబడుతుంది, రెండోది కాలిపోతుంది. కాలే ముఖాన్ని చల్లార్చడానికి వెనక ఒక చిన్న ఫ్యాన్ గుయ్‌మంటుంటుంది, చెవి పెట్టి వినండి. బిళ్లకి చప్పుడు లేకపోయినా కూలర్‌కి ఉంది.

చేతులు కాల్చుకున్న అనుభవంతో చెబుతున్నాను. కుర్రతనంలో నా సొంత ప్రాసెసర్ మీద ఇలాంటి బిళ్ల పెట్టాను. అర్ధరాత్రిదాకా అది ఎంత చల్లబడిందో చూసుకుంటూ కూర్చున్నాను. తెల్లారేసరికి చుట్టూ మంచు బిందువులు, బోర్డు మీద నీళ్లు, కంప్యూటర్ శాశ్వత నిశ్శబ్దం. గాలిలో తేమ ఉన్నచోట వస్తువుని చుట్టూ ఉన్న గాలి కన్నా మరీ చల్లగా చేస్తే చెమ్మ తప్పదు. ఫోన్ వెనక తడి కనిపిస్తే వెంటనే తీసేయండి. ఆడుతూ ఛార్జింగ్ పెట్టడం మానేస్తే కొంత వేడి అసలు పుట్టదు. బ్యాటరీ కూడా మిమ్మల్ని దీవిస్తుంది.

ప్రశ్న: ఫ్యాన్లన్నీ తీసి నిశ్శబ్దం కంప్యూటర్ కట్టించుకున్నాను. ఇప్పుడు రాత్రిళ్లు సన్నగా కీచుమంటోంది. మౌస్ కదిపితే స్వరం మారుతోంది! నాకేమైనా అయిందా?

జవాబు: మీకేం కాలేదు. ఇన్నాళ్లూ ఫ్యాన్ హోరు కింద దాక్కున్న చప్పుడు ఇప్పుడు బయటపడింది. దీన్ని కాయిల్ వైన్ అంటారు. బోర్డు మీది తీగచుట్టల్లో కరెంటు సెకనుకి వేల సార్లు పెరుగుతూ తగ్గుతూ ఉంటే అవి వెంట్రుకవాసి కదులుతాయి. కరెంటుని కాసేపు దాచుకునే కొన్ని పింగాణీ కెపాసిటర్లదీ అదే గుణం. మౌస్ కదిపితే ప్రాసెసర్ పని మారుతుంది, పని మారితే కరెంటు మారుతుంది, కరెంటుతోపాటు స్వరమూ మారుతుంది. ప్రమాదం లేదు.

ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియాలంటే కాగితాన్ని గొట్టంలా చుట్టి ఒక చివర చెవికి పెట్టుకుని, రెండో చివర పెట్టె మీద అక్కడక్కడా ఆనించి వినండి. పవర్ సప్లై దగ్గర గట్టిగా వినిపిస్తే దాన్ని మార్పిస్తే పోవచ్చు. గ్రాఫిక్స్ కార్డు దగ్గరైతే గేముల్లో ఫ్రేమ్ రేట్‌కి, అంటే సెకనుకి తెర మీద మారే బొమ్మల లెక్కకి, పరిమితి పెట్టి చూడండి. ఏదీ కుదరకపోతే నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాన్ ఒకటి మళ్లీ పెట్టించుకోండి. దాని సన్నటి హోరులో కీచు మునిగిపోతుంది, మీకు నిద్ర పడుతుంది.